పూసలో పోగు

సిరిసిల్లలో నలభై ఏళ్లు మరమగ్గం నడిపిన లింబాద్రి తాత, చూపు పూర్తిగా పోకముందే శనిగ్రహం చుట్టూ ఉండే ఉంగరం చూడాలనుకున్నాడు. బట్టలో పోగులు లెక్కపెట్టే భూతద్దం ఎంత పెద్దగా చూపితే అంత గొప్పది కదా! అదే లెక్కన జగిత్యాలలో వెడల్పు టెలిస్కోపు వదిలేసి, డబ్బా మీద ‘ఇన్ని రెట్లు పెద్దగా’ అని పెద్ద అంకె ఉన్న సన్నదాన్ని తెచ్చాడు. సాయంత్రం మిద్దె మీద చూస్తే అంతా మసకే.

“దీని మూతి నీ చాయ్ గ్లాసంత లేదు తాతా! గింత వెలుతురును అంత సాగదీస్తే మసకనే అయితది,” అని మనవరాలు తేజస్విని నవ్వి, తక్కువ పెంచే అద్దం బిగించింది. “అగో, ఉంగరం! పూసకు పోగెక్కిచ్చినట్టున్నది.”

తాత వంగి చాలాసేపు చూశాడు. ఈసారి మసక ఆయన కళ్లదే.

“పోగు తెగలేదు గద బిడ్డా?”

“లేదు తాతా.”

“అయితే నువ్వే చూడు,” అని ఆయన పక్కకు జరిగాడు.