మా మేనత్త గీసిన ఊరు

మా మేనత్త పోయి రెండు నెలలైంది. ఇరవై ఏళ్లు నర్సుగా పనిచేసిన ఆ చిన్న టౌన్‌లోనే, పొద్దున డ్యూటీకి బయలుదేరుతూ గడపలో కూలిపోయింది. ఫోన్ వచ్చినప్పుడు అందరితోపాటు నేనూ ఏడ్చాను. ఆ తర్వాత ఆమె పని నేను చేయాలని నాకు కలిగిన హుషారును మాత్రం చార్మినార్ దగ్గర హుస్సేనీ ఆలంలోని మా ఇంట్లో ఎవరూ అర్థం చేసుకోలేదు. "దుఃఖం తలకెక్కింది, జర ఆగితే దిగుతది" అని అమ్మ చుట్టాలకు చెబుతోంది. నాకు నర్సింగ్ డిగ్రీ ఉంది, సిటీలో ఒక పెద్ద ఆసుపత్రి ఉద్యోగమిస్తానంది. నేనేమో అత్తమ్మ స్థానంలో పడిన కాంట్రాక్టు పోస్టుకు దరఖాస్తు పెట్టాను. ఒక్కసారి ఆమె వెంట ఆ ఊరు తిరిగి ఉంటే వాళ్లు అలా అనేవాళ్లు కాదు.

శనివారం మా ఇంటికొస్తే అత్తమ్మ పాత క్యాలెండర్ వెనక తాను గీసిన ఊరి పటం నేలమీద పరిచేది. నడుమ బస్సులు ఆగే రోడ్డు. ఉత్తరాన గుట్ట, దాని వాలులో రాళ్లు కొట్టేవాళ్ల ఇళ్లు. పడమట రైస్ మిల్లు, వెనక హమాలీల రేకుల గదులు. తూర్పున వాగు. వానపడితే ఏ దారి మునుగుతుందో, నిండు నెలల మనిషిని ఎటునుంచి ఆటోలో తేవాలో నీలం పెన్నుతో బాణాలు. వాగు అవతలి ఇటుక బట్టీల కూలీల గుడిసెలు మాత్రం పెన్సిల్‌తో. వానలకు వాళ్లు వెళ్లిపోతారు, దసరా దాటాక మళ్లీ వస్తారు.

మా బాపు నవ్వేవాడు. "అక్కా, మునిసిపాలిటోళ్ల కాడ గూడ గింత నక్షా ఉండదు."

"వాళ్లకు రోడ్లు గావాలె తమ్మీ. నాకు పసిపిల్లలు గావాలె."

డిగ్రీ రెండో ఏడాదిలో పోలియో చుక్కలకు ఆమెతో ఇంటింటికీ తిరిగాను. తాళం వేసిన ఒక ఇంటికి 'ఖాళీ' అని రాసి ముందుకు నడవబోతే అత్తమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"తాళమున్నది గని ఖాళీ లేదు. ఆ తీగె మీద ఏందది?"

నీళ్లు కారుతున్న చిన్న చిన్న గుడ్డలు. ఎదుటి చాయ్ కొట్టు దగ్గర ముప్పావు గంట కూర్చున్నాం. రేషన్ సంచితో, చంకలో బిడ్డతో తల్లి వచ్చింది. ఆ బిడ్డ చుక్కలన్నీ అత్తమ్మ చీర మీద ఉమ్మేసింది. "మస్తు పంతం దీనికి" అని ముచ్చటపడి మళ్లీ వేసింది.

అక్కడినుంచి వాగు దాటి ఇటుక బట్టీల గుడిసెలకు వెళ్లాం.

"వీళ్లు లిస్టుల లేరత్తమ్మా."

"లిస్టుల లేకుంటే పిల్లలు గాదా? ఈడ పండుకునేటోళ్లంత మన ఊరోళ్లే, బిడ్డా."

ఆ ఒక్క మాటతో ఊరు నా కళ్లముందు రెండింతలైంది.

నిన్న అమ్మ మళ్లీ మొదలుపెట్టింది. "చార్మినార్ కాడ పుట్టి ఆ వాగు కాడికి పోతవా? ఏమున్నదే ఆడ?"

"మనుషులున్నరు. ఎప్పుడూ కొత్తోళ్లొస్తుంటరు."

"అత్తమ్మను మర్శిపోలేక గిట్ల చేస్తున్నవ్."

"మర్శిపోను. గని గందుకు పోతలేను. నాకు ఆ పని ఇష్టం."

దసరా దాటాక ఆ పోస్టు నాకే వచ్చింది. పోయిన వారం కాగితాలివ్వడానికి వెళ్లి ఆ ఊళ్లో బస్సు దిగేసరికి, పక్కనే ఒక లారీ ఆగింది. ఇనుప పెట్టెలు, మసిపట్టిన గిన్నెలు, కోళ్ల గంప దించుతున్నారు. చివర్న ఒకామె దిగింది. ఆమె కొంగులోంచి నల్లదారం కట్టిన చిన్న పాదం బయటికి వేలాడుతోంది. ఎక్కడ ఉండబోతున్నారని హిందీలో అడుగుతూ ఆమె వెంట నడిచాను. నడుస్తూనే, వెనకొస్తున్న పిల్లల్ని ఒక్కొక్కరినే లెక్కపెట్టాను.

పెద్ద ఆసుపత్రికి రానని చెప్పేశాను. సోమవారం ఆ ఊళ్లో చేరుతున్నాను.