మా అమ్మ దగ్గు దగ్గిన పెద్దమ్మ

మొన్న ఆస్పత్రి వరండాలో ఎవరో పిల్లాడికి తాగిస్తున్న ఎర్రటి దగ్గుమందు వాసన తగలగానే, పొట్టకూటికి వలసపోయిన ఉత్తరాది కార్ఖానా ఊళ్లో, కాసిడీహ్ పేటలో మేమున్న వరస ఇళ్లు, చలికాలం పొద్దున్నే గుమ్మాల ముందు రాజుకునే బొగ్గు పొయ్యిలు, ఆ పొగలో బెల్లం పాకం కలుపుతూ దగ్గే మా అమ్మ, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి.

మా నాన్న కార్ఖానాలో ఠేకాదారు కింద కాంట్రాక్టు కూలి. గోడకవతల పెద్దమ్మ భర్త పర్మినెంటు. అంటే వాళ్లింట్లో ఎవరు తుమ్మినా ఉద్యోగుల ఆస్పత్రిలో వైద్యం ఉచితం. మా ఇంట్లో తుమ్మాలంటే ముందు జేబు తడుముకోవాలి. పెద్దమ్మ మాకు చుట్టమేం కాదు, ఆవిడదీ అమ్మదీ టెక్కలి వైపు, అంతే. ఆ మాత్రానికే మా అమ్మ జబ్బులన్నీ తనవని చెప్పి మందులు తెచ్చేది. దసరాకి పంపిన పళ్లెంలో కజ్జికాయల కింద, కాగితంలో చుట్టిన మాత్రలుండేవి. వాడలో ఎవరి గొంతైనా అనుకరించే నేను ఆవిడకి మాస్టర్ని.

"ఒరే గుంటడా, నీ యమ్మ దగ్గు ఓపాలి దగ్గి సూపించు. రేపు డాట్రు ముందర నాను దగ్గాల."

"నీది లారీ స్టార్టయినట్టుంది పెద్దమ్మా. అమ్మది ఆఖర్న ఈలేత్తాది."

అమ్మ నవ్వబోయి, నిజం దగ్గు దగ్గేది. నాన్న మాత్రం ఆ పూట ఇంట్లో ఉండేవాడు కాదు. పెద్దమ్మ ఎదురైతే సైకిలు దిగి, తల దించుకుని నడిచేవాడు.

ఒకరోజు ఉద్యోగుల ఆస్పత్రి డాక్టరుకి ఆ దగ్గు నచ్చక ఎక్స్‌రే తీయించాడు. పెద్దమ్మ తిరిగొచ్చి మా గడప మీద కూలబడి, చావు కబురు తెచ్చినట్టు ఏడ్చింది.

"నా రొమ్ముకేటీ నేదంట సెల్లీ. సుబ్బరంగుందట."

అరువు దగ్గు అక్కడితో ఆగిపోయింది. అమ్మని సాక్చిలో డబ్బు కట్టించుకునే నర్సింగ్‌హోముకి తీసుకెళ్లారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. ముందు కుట్టుమిషను వెళ్లింది, తరవాత సైకిలు, ఆ తరవాత నా బడి. గమ్హరియాలో లేత్ మిషన్ల కింద ఇనప రజను ఊడ్చే పనిలో చేరాను. చదువులో అందరికంటే ముందు రిటైరయింది నేనే అని ఇప్పటికీ నలుగురినీ నవ్విస్తుంటాను. అమ్మ ఎప్పుడూ నవ్వలేదు.

మొన్న ఆస్పత్రికి వెళ్లింది అమ్మ కోసమే. కడుపులో గడ్డ తీశారు. సర్కారు కార్డు ఆవిడ పేరు మీదే ఉంది. ఆపరేషనుకీ మందులకీ పైసా అడగలేదు. అయినా కౌంటరులో పేరు అడిగితే దొంగలా నా వెనక్కి చేరి, "నా పేరే సెప్పీమంటావేటిరా?" అంది చెవిలో. సిగ్గుతో నా మొహం కాలిపోయింది, క్షణకాలం నాకూ అదే అనుమానం వచ్చింది కనక.

ఇంటికి తెస్తుంటే ఆటోలో అడిగింది.

"ఏటమ్మినావురా?"

"ఏటీ అమ్మనేదే."

నమ్మలేదు. పక్కన కూర్చున్న నా భార్య చెవులు చూసింది, మెడ చూసింది. ఆటో కాసిడీహ్ మలుపు తిరిగింది. ఆ వరస ఇళ్లు లేవు, పెద్దమ్మ లేదు, నాన్న లేడు. బయటికి చూస్తూనే అంది:

"నీ కూతుర్ని బడి మానిపించనేదు కదా?"

"నేదమ్మా."

ఇన్నేళ్లలో మా అమ్మ నోట బడి మాట రావడం అదే మొదలు. అదైనా నా బడి గురించి కాదు. ఇద్దరం చెరో పక్కకీ మొహం తిప్పుకుని కూర్చున్నాం.