పెద్దసారు ఇచ్చిన కార్డు

మా అవ్వ శామీర్‌పేట చెరువు చేపలు అమ్మేది. బ్యాంకుకు పోయిన రోజు కౌంటర్ ముందు వరుసలోనే పొద్దెక్కేది, గంపలో చేపలు మెత్తబడేవి. అందుకే మేడ్చల్ బ్రాంచికి ఏటీఎం మిషన్ వస్తోందనగానే అందరికంటే ఆమెకే తొందరయింది.

మిషన్ ప్రారంభించడానికి హెడ్డాఫీసు నుంచి బ్యాంకు పెద్దసారే వచ్చారు. "ఇకమీదట బ్యాంకే మీ వెంట వస్తుంది. వరుసలో నిలబడే పనుండదు" అన్నారు. ముందు కూర్చున్న అవ్వను పిలిచి, చేతిలో కార్డు పెట్టి ఫోటో దిగారు. ఆయన మాటలో నమ్మకం ఉంది. నేనైతే చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.

కాసేపటికి మేనేజరు మెల్లగా మా దగ్గరికొచ్చాడు. "అవ్వా, కార్డు ఇటియ్యి. సంతకం రాని వేలిముద్ర ఖాతాకు కార్డు ఇయ్యరు. గిది ఫోటో కోసమే."

"గట్లెట్ల సారూ? పెద్దసారే ఇచ్చిండు గదా! ఆయన్నే అడుగుత" అని లేచాను. పెద్దసారు పక్కనే చాయ్ తాగుతున్నారు.

అవ్వ నా చున్నీ పట్టి గుంజింది. "కూసోవే వాగుడుకాయా! నలుగుట్ల మేనేజరు సారు ఇజ్జత్ తీస్తవా? రేపు మల్ల గాయన తానికే పోవాలె."

కూర్చున్నాను. అవ్వ కార్డు తిరిగిచ్చేసింది. పెద్దసారు కారెక్కి వెళ్లిపోయారు.

తర్వాత సంతకం నేర్పబోయాను గానీ, వల ముడులు విప్పే ఆ వేళ్లకు పెన్ను లొంగలేదు. రోడ్డు పొడుగునా మిషన్లొచ్చాయి, నాకూ కార్డొచ్చింది. అవ్వ మాత్రం ఉన్నన్నాళ్లూ గంప బయట పెట్టి వరుసలోనే నిలబడింది. వేలిముద్ర సంగతి తెలిస్తే పెద్దసారు ఏదో దారి చూసేవారేమో. ఆ చాయ్ అయిపోయేలోపు నేను అడగాల్సింది.