కూతురే ప్రార్థన అంశమైనప్పుడు

మిర్యాలగూడలో రైస్ మిల్లు బాయిలర్ నడిపే ప్రభుదాస్ సంఘపెద్ద. ఆలుమగలు కొట్లాడుకుంటే విశ్వాసులు ఆయన్నే పిలుస్తారు. ఎదుటివాడిది తప్పనిపిస్తే ముందు ఒంటరిగా పోయి మాట్లాడమని యేసు చెప్పిన మాట మీద రెండుసార్లు ప్రసంగం కూడా చేశాడు. సొంత కూతురి దగ్గరికొచ్చేసరికి ఆ దారి ఆయనకు తోచలేదు.

గీత సూర్యాపేటలో ల్యాబ్ టెక్నీషియన్. తండ్రి చూసిన కోదాడ సంబంధం వద్దని ఫోన్‌లో ఒక్క ముక్కలో తేల్చేసింది. ఎందుకని తండ్రి అడగలేదు. శుక్రవారం కూడికలో లేచి, "నా బిడ్డ మనసు కఠినమైంది, మంచి సంబంధం కాదంటున్నది, ప్రార్థన చేయండి" అన్నాడు. నలభై మంది కండ్లు మూసుకొని చేశారు. అందులో సగం మంది ఇంటికి పోయి ఫోన్లు చేసుకున్నారు. ప్రార్థన అంశమని పేరు పెడితే చాడీ కూడా భక్తిలో కలిసిపోతుంది. తెల్లారేసరికి సంగతి గీత చెవిన పడింది. ఆ తర్వాత రెండు నెలలు ఆమె ఇంటికి రాలేదు, తండ్రి ఫోన్ ఎత్తలేదు.

"దేవునికి చెప్పినవు సరే, బిడ్డతోని ఎప్పుడు మాట్లాడతవ్?" అని భార్య సుమతి రోజూ పొడిచేది. "ఇట్లనే ఉంటే అది మన గడప తొక్కది."

చివరికి ఒక ఆదివారం ఆరాధన కాగానే ప్రభుదాస్ సూర్యాపేట బస్సెక్కాడు. గీత తన గదిలో కుర్చీ వేసింది, టీ ఇచ్చింది, ఎదురుగా మంచం మీద కూర్చుంది. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"ముందు ప్రార్థన చేసుకుందాం బిడ్డా" అంటూ కండ్లు మూశాడు.

"కండ్లు తెరువు డాడీ. దేవుడు యాడికి పోడు. ముందు నాతోని మాట్లాడు."

తెరిచాడు. "పిల్లగాడు టీచరు. తాగడు. ఎందుకొద్దన్నవ్?"

"ఈ మాట అప్పుడే అడిగితే అయిపోతుండె." గీత గొంతు పెంచలేదు. "ఆ పిల్లగాడు నాకు మూడుసార్లు ఫోన్ చేసిండు. నేను ఏదన్న చెప్పబోతే సాలు, 'అంతా దేవుని చిత్తమండీ' అని పెట్టేసిండు. అసొంటోళ్లు ఇంట్ల ఒక్కరున్నరు, సాలనుకున్న."

"జర ఎక్కువనే అంటున్నవ్."

"నలభై మందిల నువ్వు తక్కువ అన్నవా?"

ప్రభుదాస్‌కు తట్టినవన్నీ కూడికలో పనికొచ్చే మాటలే. అవన్నీ వదిలేసి, "తప్పయింది" అన్నాడు.

"నాకొక్కదానికి చెప్తే ఎట్ల? యాడ అన్నవో గాడనే చెప్పు. అప్పుడొస్త."

"నా పెద్దరికం ఏమైతది బిడ్డా?"

"నా పరువు ఏమైందో అడిగినవా?"

ఆ తర్వాతి శుక్రవారం కూడికలో ఆయన లేచాడు. "నా బిడ్డను అడగకుండ దాని ముచ్చట మీ ముందట పెట్టిన. తప్పు నాది." అలవాటు కొద్దీ వెనక నుంచి ఎవరో ఆమెన్ అన్నారు. ఆ నెలలో కొట్లాడుకున్న జంట ఒకటి ఆయన్ని కాకుండా ఇంకో పెద్ద మత్తయ్యను పిలుచుకుంది. ప్రభుదాస్‌కు కష్టంగానే తోచింది.

ఆ శుక్రవారం దాటిన ఆదివారమే గీత ఇంటికి వచ్చింది. అన్నాలు తిన్నాక, "మరి నీకెట్లాంటోడు కావాలె?" అని తండ్రి అడిగాడు. గీత గంటసేపు చెప్పింది. మధ్యలో ఆయన రెండుసార్లు నోరు తెరిచి, ఏమీ అనకుండానే మూసుకున్నాడు.