ఆకివీడు వెళ్లి మూడు చెరువులు చూశాను

మాది నల్లజర్ల. నిరుడు ఒక ఎకరం అమ్మి, ఆ సొమ్ము ఏలూరులోని ఒక డేటా కంపెనీ ద్వారా మూడు చెరువుల్లో వాటాలుగా పెట్టాను. ఒకదానిలో శీలావతి చేప, ఒకదానిలో పంగస్ చేప, మరొకదానిలో రొయ్య. ఒకటి దెబ్బతిన్నా రెండు నిలబడతాయన్నారు. ప్రతి చెరువులో మీటరు ఉంటుంది, నీటిలో ఆక్సిజన్ ఎంతుందో ఫోన్‌లో కనిపిస్తుంది. ఆ అంకెలు చూసే నమ్మాను. మా ఆవిడ సత్యవతి పేరున మిగిలిన ఎకరం కూడా అమ్మి అందులోనే పెట్టాలని శుక్రవారం రిజిస్ట్రేషన్ పెట్టుకున్నాం. ఈలోగా చెరువులు ఒకసారి కళ్లతో చూసి రమ్మంది ఆవిడ.

గురువారం మధ్యాహ్నం తాడేపల్లిగూడెంలో బస్సెక్కితే భీమవరానికి గంట దాటింది, అక్కడి నుంచి ఆకివీడుకు మరో ముప్పావుగంట. లాడ్జిలో గది ఆరువందలు. తెల్లవారుజామున ఐదింటికి ఖాదర్ గారి ఆటో మాట్లాడుకున్నాను, మూడు చెరువులకూ కలిపి ఐదువందలు.

మొదటి చెరువు గట్టెక్కేసరికి శీలావతులు పైకి తేలి గాలి కోసం నోళ్లు తెరుస్తున్నాయి. ఫోన్ చూశాను. ఆక్సిజన్ ఆరు, పచ్చరంగు, అంటే అంతా బాగున్నట్టు. కాపలా ఉండే నాగేశ్వరరావు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు వేసి రొప్పుతూ వచ్చాడు.

"మీటరేదండీ?"

"పాకలో భద్రంగా పెట్టానండి."

పాకలో నీలం డ్రమ్ము. పైపు నీళ్లు సన్నగా పడుతున్నాయి. మీటరు అందులో మునిగి ఉంది.

"మేత పడవ తగిలి పాడైతే జీతంలో కోస్తామన్నారండి. రోజూ కడుగుతున్నాను, చూడండి ఎంత శుభ్రంగా ఉందో. చేప సంగతి చెప్పడానికి ఇదెందుకండీ, పొద్దున్నే గట్టు మీద నిలబడితే అదే చెప్తుంది."

అప్పగించిన వస్తువును అతను నిజంగానే కాపాడాడు.

మిగతా రెండు చెరువులకు పోనివ్వమంటే ఖాదర్ గారు నవ్వారు. "అన్నిటికీ ఇదే కాలువండీ బాబూ. వీళ్లు వదిలిన నీళ్లే రెండోవాళ్లు తోడుకుంటారు, వాళ్లు వదిలినవి మూడోవాళ్లు. ఒకదానికి జబ్బొస్తే మూడింటికీ చుట్టరికమేనండి!"

వెళ్లి చూశాను. నిజమే. కైకలూరు మీదుగా ఏలూరు వెళ్లి కంపెనీలో చెప్పాను. అక్కడి అమ్మాయి తెర చూసి, "మీ చెరువు చాలా బాగుందండి" అంది. అప్పుడే రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి సత్యవతి ఫోన్ చేసింది.

"ఏవండీ, పిలుస్తున్నారు. సంతకం పెట్టేయనా?"

"వద్దు. ఇంటికెళ్లిపో."

"అంత నష్టమొచ్చిందా అండీ?"

"తెలీదు. ఏడాది నుంచీ మనకేం తెలీదు."

మొదటి చెరువులో చాలా చేప పోయింది. మిగతా రెండూ ఏమవుతాయో ఇంకా తేలలేదు. నన్ను ఎవరూ మోసం చేయలేదన్నదే ఇప్పటికీ మింగుడుపడటం లేదు. అంకె నిజమైనదే, చేపల రకాలూ నిజమే. అది ఏ నీటి అంకె అని మాత్రం నేను అడగలేదు.

ఇలా వాటాలు పెట్టేవారు చెరువు చూడాలంటే తెల్లవారకముందే వెళ్లండి. ఎండెక్కాక చేప కిందికి దిగిపోతుంది, ఏ చెరువైనా బాగానే కనిపిస్తుంది. గట్టు మీద ఆగిపోకుండా నీళ్లు బయటికి పోయే తూము వెంట నడవండి, అవి ఎవరి చెరువులోకి చేరుతున్నాయో కనబడేదాకా.