నోరీన్ తిప్పిన మర

ఆస్ట్రేలియాలోని వాలరూ రేవు వీధిలో ఎవరింట్లో ఏ గిన్నె మాడిందో నోరీన్ పాస్కోకి తెలియకుండా ఉండదు. ఆమె చదువు ఆరో తరగతితో ఆగింది గానీ ఆరా ఆగలేదు. తాళం వేసిన గది కనిపిస్తే ముక్కు దూరే సందు వెతుకుతానని డెబ్బై ఒకటో ఏట తన గురించి తానే చెప్పుకునేది.

ముప్పై ఏళ్ళు నడిపిన చేపల వేపుళ్ళ కొట్టు మూసేసినప్పుడు, మూలనున్న వీడియో గేమ్ పెట్టెను ఎదురింటి లయల్‌కి ఇచ్చేసింది. లోపలి సర్క్యూట్ ఎప్పుడో చచ్చింది, పిక్చర్ ట్యూబ్ మాత్రం బతికే ఉంది. లయల్ రిటైరైన ఎలక్ట్రీషియన్. పాత ఆటలు నింపిన లినక్స్ కంప్యూటర్‌ను దానికి తగిలించాడు. కొత్త కంప్యూటర్‌ది పరుగు, పాత ట్యూబ్‌ది నడక. ఆ పరుగును నడకకు దించే అంకెలు, తెరకు బొమ్మ పంపే వీడియో డ్రైవర్ ప్రోగ్రాంలో రాసి, మొదటిరోజే బొమ్మ తెప్పించాడు.

ఆ సంబరంలో, చూడ్డానికొచ్చిన నోరీన్‌ను పెట్టె దగ్గర వదిలి టీ పెట్టడానికి వెళ్ళాడు. పెట్టె వెనక తలుపు తీసే ఉంది. లోపల బొమ్మను సరిచేసే బుల్లి మర. నోరీన్ ఏం చేస్తుంది? తిప్పింది. కొంచెమే. బొమ్మ కాస్తా ఏటవాలు గీతలై చీలిపోయింది. లయల్ వచ్చేసరికి ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, చర్చిలో కూర్చున్నంత బుద్ధిగా కూర్చుంది.

అంకెలు తప్పినా తెర అలాగే చీలుతుంది. అందుకని లయల్ మూడు రోజులు అంకెలే మార్చాడు. నోరీన్ రోజూ మాంసం కూరిన వేడి పేస్టీలు పట్టుకెళ్ళి సలహాలిచ్చింది. పచ్చికలో బంతులు దొర్లించి ఆడే బౌల్స్ క్లబ్బులో మాత్రం, పాపం అతనికి ఆ విద్య రాదని చెప్పి వచ్చింది. నలుగురికి చెప్పేసరికి ఆమే నమ్మేసింది.

నాలుగోరోజు లయల్ ట్యూబ్ విప్పబోతున్నాడు.

"దీని పనైపోయింది నోరీన్. రేపు చెత్తలో పడేస్తా. ఇలాంటివి ఇప్పుడెవరూ చెయ్యట్లేదు, ఇంకోటి దొరకదు."

నోరీన్ చేతిలోని పేస్టీ ముక్క పళ్ళెంలో పెట్టేసింది. ఏళ్ళ తరబడి తన కొట్టులో వెలిగినది తన వేలి చివర ఆరిపోతోంది.

"వెనకాల బుల్లి మర ఒకటి ఉంది చూడు, ఎడమ పక్కన," అంది.

"ఉంటే? దానికేమైంది?"

"దానికేం కాలేదు. నాకే చెయ్యి దురద పుట్టింది. తిప్పా."

"ఎప్పుడు?"

"నువ్వు టీ పెట్టడానికెళ్ళినప్పుడు."

"రోజూ పెడుతున్నాగా."

"మొదటిరోజు."

లయల్ మర వెనక్కి తిప్పాడు. అయినా బొమ్మ నిలవలేదు. అంకెలన్నీ మార్చేశాడు, మొదటివి ఎక్కడా దాచుకోలేదు. నోరీన్ చేతిసంచిలోంచి బింగో చీటీ ఒకటి తీసింది. దాని వెనక, మొదటిరోజు అతని భుజం మీంచి తొంగిచూసి గీకిన అంకెలు. ఎందుకు రాసుకుందంటే ఏం చెబుతుంది? కనిపించాయి, రాసుకుంది.

అవి కొట్టగానే బొమ్మ కదలకుండా నిలబడింది.

"నాకు విద్య రాదన్నావటగా క్లబ్బులో," అన్నాడు లయల్, తల తిప్పకుండానే. "ఎవరెవరితో అన్నావో వాళ్ళందరికీ ఈ మర సంగతి నువ్వే చెప్పిరా."

వీధిలో కబురు మొయ్యడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆ సాయంత్రం మాత్రం రెండిళ్ళలో మర సంగతి చెప్పేసరికే మోకాళ్ళు నొప్పెట్టాయి. ఇంకా పదకొండిళ్ళున్నాయి.