కోచ్‌కి సున్నుండలు

పదో తరగతి చదివే మా అమ్మాయి టెన్నిస్ చూడడానికి ఈ రోజు అమెరికాలోని మా మోరిస్‌విల్‌కి, తన టీమ్‌కి పిల్లల్ని ఎంచుకునే ఒక కాలేజీ కోచ్ వచ్చాడు. ఈ వయసు పిల్లల ఆటను కోచ్‌లు దూరం నుంచి చూడొచ్చు. పిల్లలతో గానీ తల్లిదండ్రులతో గానీ మాట్లాడకూడదని రూలు. మాట కలిపితే కోచ్ ఉద్యోగానికే ముప్పు. ఆయన్ని పలకరించొద్దని వారం రోజులుగా మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను.

మొదటి సెట్ అవగానే చూస్తే మా ఆయన పక్కన లేరు. సున్నుండల డబ్బాతో కోచ్ ముందు నిలబడి ఉన్నారు. కోచ్ రెండు చేతులూ ఎత్తి, సారీ చెప్పి, బ్యాగ్ తీసుకుని వెళ్ళిపోయాడు.

"ఇక్కడ కూడా పైరవీయేనా?" అన్నాను.

"పైరవీ ఏంటే, పలకరించాను. పాపం, మొహమాటపడ్డాడు."

ఒళ్ళు మండిపోయింది. అవతల రెండో సెట్‌లో పిల్ల ఎంత బాగా ఆడిందంటే, తను అలా ఆడడం నేనెప్పుడూ చూడలేదు. గెలిచి, నవ్వుతూ కోచ్ ఖాళీ చేసిన కుర్చీ వైపు చూసింది.

కార్‌లో ఒకటే అడిగింది. "డాడీ, ఆ కోచ్ మధ్యలో ఎందుకు వెళ్ళిపోయాడు? నేను బాగా ఆడలేదా?"

ఆయన కార్ స్పీడు పెంచారు.

డబ్బా కిచెన్‌లో ఉంది. మా ఇంట్లో ఎవరూ ముట్టడం లేదు. కావలసినవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళండి, వచ్చినప్పుడు పిల్లకి ఏం చెప్పాలో కూడా చెప్పండి.